అల్ ఐన్‌లో కొట్టిన గుమ్మడికాయ

సినిమా మొదలయ్యే రోజున కొబ్బరికాయ కొడతారు, షూటింగు ముగిసిన రోజున గుమ్మడికాయ కొడతారు. సినిమా ఆఫీసు గుమ్మం ఏనాడూ తొక్కనివాళ్లకు కూడా తెలిసిన సంగతే ఇది. హీరో నవ్వుతూ కాయ ఎత్తిపట్టుకున్న ఫొటో పేపర్లో వేస్తారు, మనం చూసి పేజీ తిప్పేస్తాం. అయితే ఆ కాయ ఆకాశంలోంచి ఊడిపడదు కదా! పొద్దున్నే మార్కెట్టుకెళ్లి, పైన బూడిద చెదరకుండా, తొడిమ ఊడకుండా మంచి బూడిద గుమ్మడికాయ ఏరి తెచ్చి, నెత్తిన చిన్న చెక్కు తీసి, లోపల కుంకుమ నింపి, కర్పూరం వెలిగించి, “తీసుకోండి సార్” అని అందించి పక్కకి తప్పుకునేవాడు ఒకడుంటాడు. అప్పాజీ ఆ పని ఏళ్ల తరబడి చేశాడు. ఎన్ని సినిమాలకు చేశావయ్యా అంటే బుర్ర గోక్కుంటాడు.

అతనిది గోదావరి మధ్యలో ఒక లంక ఊరు. రేవూ, పడవా, కొబ్బరితోటా ఒకే చోట దొరుకుతాయని ఏటా ఎవరో ఒకరు కెమెరా వేసుకుని అక్కడ దిగేవాళ్లు. మీసాలు రాకముందే అప్పాజీ ఒక యూనిట్టుకి టీలు మోయడానికి వెళ్లాడు. ఆ యూనిట్టు పోతూ పోతూ ఇతన్ని కూడా వ్యాన్లో వేసుకుపోయింది. అప్పట్నించీ ప్రొడక్షన్ బాయ్. ఆ ఉద్యోగంలో జుట్టు నెరిసినా బాయే. గొడుగులు పట్టాడు, కుర్చీలు మోశాడు, వర్షం కోసం వాటర్ ట్యాంకరు వెనకాల పరిగెత్తాడు. “నువ్వు తాళి కట్టింది నాకా, ఆ జనరేటర్ వ్యానుకా?” అని పెళ్లాం రాజ్యం సాధించేది. సాధించడంలో తప్పేముంది, పండక్కి కూడా ఇంటికి రాని మొగుణ్ని ఏ ఆడది ఊరుకుంటుంది?

అలాంటివాణ్ని కరోనా ఇంట్లో కూర్చోబెట్టింది. షూటింగుల్లేవు, యూనిట్టు లేదు, ఫోను మోగదు. రాజ్యం అప్పటికే దుబాయ్‌లో ఉంది. మనవాళ్లు గల్ఫులో ఏ ఊరైనా దుబాయే అంటారు గానీ, ఆవిడ ఉండేది షార్జాలో అల్ నహ్దాలో, శ్రీసుధగారని ఆఫీసు ఉద్యోగం చేసుకునే ఒక తెలుగావిడ ఇంట్లో. వంటా, పిల్లల పనీ రాజ్యానివే. ఆ శ్రీసుధగారి మాట సాయంతోనే, విమానాలు మళ్లీ ఎగరడం మొదలెట్టాక, 2021లో అప్పాజీకి అల్ ఐన్‌లో ఒక ఖర్జూరం తోటలో పని దొరికింది. చెట్లకు నీళ్లు పెట్టడం, మట్టలు కొట్టడం, కూరపాదులు చూడడం, మేకల్ని కాయడం. పని కష్టమేం కాదు. కానీ “యాక్షన్” అనే కేక వినబడని నేల మీద అన్నాళ్లు అతనెప్పుడూ బతకలేదు. మొదట్లో ఎండలో, షూటింగులో వెలుగు కొట్టడానికి పట్టేలాంటి తెల్లటి ధర్మాకోల్ షీటు కనబడినా ప్రాణం లేచొచ్చేది. తీరా చూస్తే అది ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెలోదై ఉండేది.

2023 ఫిబ్రవరిలో ఒక రోజు ముదీర్, అంటే తోట మేనేజరు, పనివాళ్లందర్నీ పిలిచాడు. తోట మూలనున్న పాత ఇంట్లో జపాన్‌వాళ్లు సినిమా తీస్తారట, కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకున్నాడట, షూటింగు పనులు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాడు. అప్పాజీ రెండు చేతులూ ఎత్తాడు.

జపాన్ యూనిట్టు ఇక్కడి పనులన్నీ సుజిత్ అనే హైదరాబాద్ కుర్రాడికి అప్పగించింది. అబుదాబిలో ఒక కంపెనీలో ఉద్యోగం అతనికి. ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు, అప్పాజీని “అన్నా” అని పిలుస్తాడు. మొదటి రోజే గిరి గీసి మరీ చెప్పాడు: “అన్నా, నీ డ్యూటీ మొత్తం బయటనే. మేకలు, కాకులు, వైర్లు, చాయ్. ఇంట్ల కాలు పెట్టొద్దు. ముసలాయన షానా పట్టింపు మనిషి.”

ముసలాయన పేరు అమకావా. ఎనభై దాటిన మనిషి, పీలగా ఉంటాడు, నెత్తిన నీలం టోపీ. కూతురు సుమియే పక్కన ఉండి అన్నీ చూసుకుంటుంది. అప్పాజీ ఆయన్ని చూసిన క్షణం నుంచీ పెద్దాయన అనే పిలుచుకున్నాడు. ఇంత పెద్దాయన ఎడారిలోకి వచ్చి సినిమా తీయడమేంటి, ఇంట్లో కూర్చుని కాఫీ తాగొచ్చు కదా అని సుజిత్‌ని అడిగితే, టీ తాగుతూ అతను చెప్పిన కథ విని అప్పాజీ చేతిలో టీ చల్లారిపోయింది.

అమకావా కూడా సైకిలు మీద రీళ్ల డబ్బాలు మోస్తూ మొదలైనవాడేనట. స్టూడియోలో పై మెట్టెక్కడానికి చాలా ఏళ్లు పట్టిందట. ఆయన సినిమాల్లో కొట్లాటలు ఉండవు, ఇంట్లో మనుషులు అన్నం తింటూ మాట్లాడుకుంటారు, అంతే. ఆ అన్నం తినే సినిమాలకే విదేశాల్లో బహుమతులిచ్చారు. తర్వాత స్టూడియో మూతపడితే సొంతంగా చిన్న యూనిట్టు కట్టుకున్నాడు. ఆయన భార్య తొమికో ఎడిటరు. పెద్దాయనకి ఒక జబ్బుంది: తీసిన షాటుతో తృప్తి పడడు. మళ్లీ, మళ్లీ, మళ్లీ. అప్పుడు తొమికోగారు ఎడిటింగు గదిలోంచి వచ్చి కెమెరా వెనకాల చేతులు కట్టుకుని నిలబడేదట. “చాలు, ఇందులో అన్నీ ఉన్నాయి” అనేదట. ఆ ఒక్క మాటకి ఆయన ఆగిపోయేవాడు.

“ఆమె పోయినంక అసలు కథ అన్నా,” అన్నాడు సుజిత్. “తర్వాతి సినిమాల లాస్ట్ సీన్ ఉంది చూడు, తీస్తనే ఉన్నడు, తీస్తనే ఉన్నడు. హీరోయిన్ విడిచిపెట్టి పోయింది, ప్రొడ్యూసర్ గూడ పోయిండు, సినిమా డబ్బాలల్లనే ఉంది. పదేండ్ల తర్వాత మళ్ల ఈ సినిమానే. గుండె మంచిగ లేదు, ఇదే ఆఖరిది అని డాక్టర్ చెప్పిండంట. ఇది గూడ అట్లనే ఆగితే ఏందని సుమియే మేడమ్‌కు రోజూ గుబులే.”

ఆ మాట అప్పాజీ గుండెలో దిగబడిపోయింది. సగంలో ఆగిన సినిమాలు అతను చూశాడు. సగంలో ఆగిన సినిమా గురించి ఎవరూ తలెత్తుకుని మాట్లాడరు, శుభకార్యంలో పోయినవాళ్ల ప్రస్తావనలా తప్పుకుపోతారు. అంత మంచి బతుకు బతికిన పెద్దాయన చివరికి అలా మిగలకూడదు. భగవంతుడా, ఈయన చేత ఇదొక్కటి పూర్తి చేయించు అని ఆ రోజునుంచీ పొద్దున్నే దండం పెట్టుకోవడం మొదలెట్టాడు.

ఇక సినిమా కథ. రువైస్‌లో రిఫైనరీ కడుతున్న రోజుల్లో వచ్చిన ఒక జపాన్ ఇంజినీరు, రిటైరయ్యాక ఈ తోట ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. గుమ్మంలో కూర్చుంటాడు. లేచి లోపలికి పోతాడు. ఇంతే. ఒక పాట లేదు, ఒక ఫైటు లేదు. అప్పాజీకి తెలిసింది కూడా ఇంతే, ఎందుకంటే అతన్ని లోపలికి రానిస్తే కదా!

కానీ బయటినుంచి ఒక్కటి మాత్రం రోజూ కనబడేది. పొద్దున్నే సుమియే కారు దిగుతుంది. చేతుల్లో నీలం గుడ్డ కట్టిన మూట. దాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని లోపలికి తీసుకెళుతుంది. సాయంత్రం మళ్లీ అదే గుడ్డలో చుట్టి, అంతే భద్రంగా కారెక్కిస్తుంది. ఒక రోజు గాలికి గుడ్డ తొలిగింది. చూస్తే ఏముంది? బూడిద గుమ్మడికాయ! పైన తెల్లటి బూడిద కూడా చెదరని, నిండుగా ఉన్న గుమ్మడికాయ.

అప్పాజీ పొంగిపోయాడు. ఆహా, జపాన్‌వాళ్లు జపాన్‌వాళ్లే! మనం ఆఖరి రోజు పొద్దున మార్కెట్టుకి పరిగెడతాం, వీళ్లు మొదటి రోజే కాయ తెచ్చి పెట్టుకున్నారు! ఎంత ముందుచూపు, ఎంత భక్తి! ఆ రాత్రి ఫోనులో రాజ్యానికి చెప్పుకుని మురిసిపోయాడు కూడా. “మన ఆచారం వాళ్లకెలా తెలిసిందో గానీ, రాజ్యం, మనకంటే పద్ధతిగా చేస్తున్నారే,” అన్నాడు. రాజ్యం ఆవలిస్తూ “మంచిది, పడుకో” అంది.

ఎవర్నైనా ఒక్క మాట అడిగుంటే పోయేది. అడగలేదు. గుమ్మడికాయ షూటింగులో ఎందుకుంటుందో అప్పాజీకి ఒకరు చెప్పాలా?

నిజం ఏంటంటే, ఆ కాయ సినిమాలో ఉంది. ఇంజినీరు భార్య చనిపోకముందు పెట్టిన పాదుకి కాసిన ఆఖరి కాయ అది. ఆ ముసలివాడు దాన్ని కోయలేక, తినలేక చలికాలమంతా దాచుకుంటాడు. మొదటి సీను నుంచి చివరి సీను దాకా అదే కాయ కనబడాలి. చివరి షాటులో దాన్ని ఒళ్లో పెట్టుకునే ఆయన గుమ్మంలో కూర్చుంటాడు. ఫ్రేములో పడకూడదని షాటు తీసేటప్పుడల్లా అప్పాజీ మేకల్ని తోలుకుని ఇంటి వెనక్కి పోయేవాడు, అందుకే అదీ చూడలేదు.

ఆ చివరి షాటు మొదలైంది. సుజిత్ భయపడినట్టే అయింది. పొద్దున ఒకసారి తీశారు. లోపలినుంచి పెద్దాయన సన్నటి గొంతు: “మో ఇక్కాయ్.” మళ్లీ ఒకసారి అని అర్థం. మళ్లీ తీశారు. మో ఇక్కాయ్. మర్నాడూ మో ఇక్కాయ్. ఆ పై రోజూ అదే. తోటలో మేకలు కాసే పాకిస్తానీ ముసలతను కూడా గిన్నె కడుగుతూ “మో ఇక్కాయ్” అనుకునే దాకా వచ్చింది వ్యవహారం. యాక్టరు పాపం పెద్దవాడు, కూర్చుని లేచి కూర్చుని లేచి మోకాళ్లు పట్టేశాయి. అతను రేపు సాయంత్రం విమానానికి వెళ్లిపోవాలి, అక్కడ ఇంకో సినిమా ఉంది. ఈ లోపల కాకపోతే ఇక కానట్టే.

ఆ సాయంత్రం ఎండ మెత్తబడుతుండగా లోపలినుంచి వేరే మాట వినబడింది. “ఓకే.”

ఆ వెంటనే చప్పట్లు! కెమెరామన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. సుమియే గోడ వైపు తిరిగి కళ్లొత్తుకుంది. పెద్దాయన బాగా అలిసిపోయాడు, ఆయన్నీ యాక్టర్నీ వెంటనే కారెక్కించి గదికి పంపించేశారు. సుజిత్ ఆనందం పట్టలేక బయటికొచ్చి అప్పాజీ భుజం మీద చరిచాడు. “ఖలాస్ అన్నా! షూటింగ్ ఖలాస్!”

అప్పాజీ చుట్టూ చూశాడు. వాళ్లు లైట్లు దించేస్తున్నారు, వైర్లు చుట్టేస్తున్నారు. గుమ్మం బయట, పక్కన బల్ల మీద గుమ్మడికాయ అలాగే ఉంది. ఎవరూ దాని జోలికి పోవడం లేదు. అయ్యో, సంబరంలో మర్చిపోయారు! దిష్టి తీయకుండా సర్దేస్తే ఎలా? అసలే ఇన్ని ఆటంకాలొచ్చిన సినిమా! అప్పాజీ తన గదికి పరిగెత్తాడు. దేవుడి పటం దగ్గర కుంకుమ భరిణె, కర్పూరం, అగ్గిపెట్టె పట్టుకుని అంతే పరుగున వెనక్కొచ్చాడు. కాయ చెక్కు తీశాడు, కుంకుమ పోశాడు, కర్పూరం వెలిగించాడు. “ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఎడారి దిష్టి, పెద్దాయన మీద పడ్డ పాడు దిష్టి” అంటూ, సర్దడానికి బయటికి తెచ్చిపెట్టిన కెమెరా చుట్టూ తిప్పాడు. జపాన్ కుర్రాళ్లు ఇదేదో వేడుక అనుకుని ఫోన్లు తీసి వీడియో కూడా పట్టారు. జన్మలో మొదటిసారి అప్పాజీ కాయని ఎవరి చేతికీ అందించకుండా తానే ఎత్తి, గుమ్మం ముందు రాతి మీద ఫెడీమని కొట్టాడు.

అప్పుడే సుమియే కళ్లు తుడుచుకుని బయటికొచ్చింది. ఇసకలో ఎర్రటి ముక్కలు చూసింది. అక్కడే గుమ్మం పట్టుకుని కూలబడిపోయింది.

“ఏంది అన్నా గిట్ల చేసినవ్!” సుజిత్ నెత్తి పట్టుకున్నాడు. ఆమె ఇంగ్లీషులో చెబుతున్నదంతా అతను తెలుగులో చెబుతుంటే అప్పాజీకి ఒక్కొక్క మాటకీ చెమటలు పట్టాయి. ఆ కాయ సినిమాలోదట. షూటింగు అయిపోలేదట. పెద్దాయన సాయంత్రం ఓకే అంటాడట, పొద్దున లేచి మళ్లీ తీద్దాం అంటాడట. ఆగిపోయిన సినిమాకి కూడా రోజూ ఇదే తంతట. రేపు పొద్దున ఆయన వచ్చి కాయ అడిగితే ఏం చెప్పాలి? కాయ లేదంటే, ఇన్నాళ్లు తీసినదంతా కొత్త కాయతో మళ్లీ మొదలెట్టాలంటాడేమో. ఇంకో సినిమా డబ్బాల్లోకి పోయినట్టే.

“ఖలాస్ అని మీరే కదండీ అన్నారు!” అన్నాడు అప్పాజీ ఏడుపు గొంతుతో.

“నేను ఖుషీల అన్న! కొట్టమని అన్ననా?”

పెద్దాయన సినిమా పూర్తి కావాలని రోజూ దండం పెట్టుకున్నవాడు తన చేత్తోనే దాని కొంప ముంచాడు. అప్పాజీకి అక్కడే ఇసకలో కూరుకుపోతే బాగుండుననిపించింది.

చివరికి సుజిత్ ఒక ఉపాయం చెప్పాడు: అచ్చం అలాంటి కాయ పట్టుకొచ్చి గుడ్డలో చుట్టి పెట్టేయాలి, ఎవరూ నోరు విప్పకూడదు. తోటకి సామాన్లు తోలే గులాం మొహిద్దీన్ అని జగిత్యాల మనిషి ఉన్నాడు. “అరే, పరేషాన్ గాకు భాయ్, యల్లా, గాడెక్కు!” అని పికప్ తీశాడు. సుజిత్ ఫోనులో పంపిన ఫొటో పట్టుకుని ఇద్దరూ అల్ ఐన్ కూరగాయల మార్కెట్టంతా గాలించారు. పచ్చ గుమ్మడికాయలున్నాయి, ఎర్రవి ఉన్నాయి, నారింజరంగువి గుట్టలున్నాయి. బూడిదవి మాత్రం ఒక్క మలయాళీ కొట్లో దొరికాయి. పొడుగ్గా ఉన్నది ఒకటి, సొట్టపడ్డది ఒకటి. చిట్టచివర గుండ్రంగా, సరిగ్గా ఆ పరిమాణంలో ఉన్నది కనబడితే అప్పాజీ దాన్ని గుండెకి హత్తుకున్నాడు. అయితే చేతులు మారీ మారీ దాని బూడిదంతా రాలిపోయింది, ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. గులాం మొహిద్దీన్ కాసేపు ఆలోచించి పికప్ డాష్‌బోర్డులోంచి మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తీశాడు.

“ఇగ చూడు, పెండ్లికొడుకు లెక్క చేస్త,” అన్నాడు. నిజంగానే చేశాడు.

దారిలో రాజ్యానికి ఫోను చేసి జరిగిందంతా చెప్పాడు అప్పాజీ. చెబితే గుండె తేలికపడుతుందనుకున్నాడు. ఆవిడ ఊరుకుంటేనా!

“పౌడరు రాశారా? గుమ్మడికాయకి?” అంది. “ఏవయ్యా, నీకేవైనా బుద్ధుందా? ఎనభై ఏళ్ల మనిషి ఆఖరి సినిమా అంటన్నావు. ఆయనకి దొంగకాయ ఇచ్చి తీయిస్తావా?”

“చెబితే ఉద్యోగం పోద్దే. ముదీర్‌కి తెలిస్తే ఊరికి పంపేస్తాడు.”

“పంపితే పంపుతాడు. ఇద్దరం చూసుకుందాం. కానీ ఆయన మొహం చూసి చెప్పకుండా ఉండగలవా నువ్వు? నీ సంగతి నాకు తెలీదా? అన్నం సయించదు నీకు.” ఆ పైన మెత్తబడింది. “ఏదైందీ రేపు ఫోను చెయ్యి. చేసేదాకా నాకు కాలూ చెయ్యీ ఆడదు.”

పొద్దున్నే కారొచ్చింది. పెద్దాయన దిగాడు. సుమియే మొహం చూడగానే విషయం అర్థమైపోయింది. సుజిత్ గొణిగాడు: “మళ్ల తీస్తడంట.”

యాక్టరు గుమ్మంలో కూర్చున్నాడు. సుమియే, అప్పాజీ తెచ్చిచ్చిన నీలం మూట విప్పింది. పెద్దాయన వంగి కాయని తానే ఎత్తుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మల్లెపూల పౌడరు ఘుమఘుమ! వేళ్లకి అంటిన తెలుపు చూసుకుని కూతురి వంక చూశాడు. కూతురు తల దించుకుంది. సుజిత్ తన బూట్లు చూసుకుంటున్నాడు.

బయట మేకల దగ్గర నిలబడ్డ అప్పాజీ కాళ్లు అతన్ని అడక్కుండానే కదిలాయి. ఇన్నాళ్లూ దాటని గుమ్మం దాటి వెళ్లి పెద్దాయన ముందు చేతులు జోడించాడు. హిందీ రాలేదు, అరబ్బీ రాలేదు, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ రాలేదు. తెలుగే వచ్చింది.

“నేనే కొట్టేశానండి, బాబుగారూ. అది మీ సినిమాలోదని నాకు తెలీదండి. మా వైపు షూటింగు అయిపోతే గుమ్మడికాయ కొడతామండి. నేను పుట్టి బుద్ధెరిగాక చేసిన పని అదేనండి. నిన్న మీరు ఓకే అన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు, మేడమ్‌గారు కళ్లు తుడుచుకున్నారు. ఇక అయిపోయిందనుకున్నానండి. ఈ పౌడరు కాయ మోసం. దీంతో తీయకండి. మీ కాళ్లు పట్టుకుంటాను.”

సుజిత్ ఇంగ్లీషులోకి మార్చాడు. సుమియే జపనీస్‌లోకి మార్చింది. అంత పొడుగు మాటా అక్కడికి చేరేసరికి చిటికెడైపోయింది. పెద్దాయన కళ్లు చికిలించి విన్నాడు. కోప్పడలేదు. ఏదో అడిగాడు. కాయ ఎవరు కొడతారు అని.

“హీరోగారో, ప్రొడ్యూసరుగారో, డైరెక్టరుగారో కొడతారండి.”

ఎప్పుడు కొట్టాలో ఎవరు చెబుతారు?

“డైరెక్టరుగారేనండి. ఇక చాలు అని ఆయన అనాలండి.”

కొట్టాక మళ్లీ ఎవరూ తీయరా?

ఇక్కడ అప్పాజీ ఇరుకున పడ్డాడు. తీయరు అంటే సరిపోయేది. సుజిత్ కూడా అలాగే చెప్పమని కళ్లతో సైగలు చేస్తున్నాడు. కానీ రాత్రంతా ఒక దొంగకాయని పక్కన పెట్టుకుని పడుకున్నవాడికి ఇంకో అబద్ధం ఆడే ఓపిక లేదు.

“తీస్తారండి. ప్యాచ్ వర్కు అంటారు. కానీ అలా తీసింది బాగుపడ్డట్టు నేనెప్పుడూ చూళ్లేదండి.”

ఈ మాట జపనీస్‌లోకి వెళ్లాక పెద్దాయన నోట్లోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. నవ్వో దగ్గో తెలియలేదు. ఆయన వెళ్లి మానిటరు ముందు కూర్చున్నాడు. నిన్న ఓకే అన్న షాటు పెట్టమన్నాడు. తెర మీద ముసలి ఇంజినీరు గుమ్మంలో కాయ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, తోటలోకి చూశాడు, లేచాడు, లోపలికి వెళ్లిపోయాడు. వాకిలి ఖాళీగా మిగిలింది. అప్పాజీ ఆ షాటు చూడడం అదే మొదటిసారి. ఒక మాట లేదు, మ్యూజిక్కు లేదు, అయినా చూపు తిప్పుకోలేకపోయాడు. ఇందులో ఇంకా తక్కువేముందని ఈయన ఇంత యాతన పడ్డాడు?

అందరూ “మో ఇక్కాయ్” అంటాడని ఎదురు చూస్తున్నారు. పెద్దాయన తెర మీది ఖాళీ వాకిలినే చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లిగా ఏదో అన్నాడు. సుమియే దాన్ని ఇంగ్లీషులోకి మార్చలేదు. సుజిత్ రెండోసారి అడిగితే అప్పుడు చెప్పింది. “మీ అమ్మ అయితే మొదటి రోజే చాలు అనేది” అన్నాడట.

ఆయన లేచి ఆ పౌడరు కాయని మళ్లీ చేతుల్లోకి తీసుకుని అప్పాజీ దగ్గరికి వచ్చాడు. ఎలాగో చూపించు అన్నట్టు కాయని ముందుకు చాచాడు.

అప్పాజీ తీసుకోలేదు. “సార్, మీరు బాగా ఆలోచించుకోండి. మీ చేత్తో కొడితే ఇక షాటు లేదండి,” అన్నాడు. సుమియే ఆ మాట ఆయనకి చెప్పింది. పెద్దాయన తలూపాడు.

భరిణెలో కుంకుమ ఇంకా మిగిలింది, కర్పూరం కూడా ఒక బిళ్ల ఉంది. అప్పాజీ చెక్కు తీశాడు, కుంకుమ పోశాడు, కర్పూరం వెలిగించాడు. ఈసారి కెమెరాకే కాదు, పెద్దాయనకీ, సుమియేకీ, మోకాళ్లు పట్టేసిన యాక్టరుకీ, ఆఖరికి సుజిత్‌కి కూడా దిష్టి తీశాడు. పెద్దాయన నీలం టోపీ తీసి కింద పెట్టి కాయని తల పైకెత్తాడు. ఎత్తాడు గానీ చేతులు వణికిపోతున్నాయి, కొట్టలేకపోతున్నాడు. బరువుకో, భయానికో ఎవరికి తెలుసు? అప్పాజీ వెళ్లి ఆయన చేతుల కింద తన చేతులు ఆనించాడు. ఇద్దరూ కలిసి కొట్టారు. మల్లెపూల పౌడరు, కుంకుమ, గుమ్మడి గుజ్జు ఇసక మీద చిమ్మాయి.

జపాన్‌వాళ్లందరూ ఒకరికొకరు వంగి దండాలు పెట్టుకుంటూ ఒకే మాట అనుకున్నారు. బాగా కష్టపడ్డారు అని దానర్థమట, పని ముగిశాకే అంటారట. సుమియే ఇసకలోనే చతికిలబడి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా ఉంది. సుజిత్ “హమ్మయ్య, హమ్మయ్య” అంటూ కనబడ్డవాళ్లందర్నీ కౌగిలించుకున్నాడు, చూడ్డానికి వచ్చిన ముదీర్‌తో సహా. ముదీర్ ఏమీ అర్థంకాక నవ్వాడు.

పెద్దాయన కారు దాకా తనే నడిచాడు. ఎక్కబోతూ ఆగి, జేబులోంచి ఫోను తీసి, దానివంక చూసుకుని, కూతురితో రెండు మాటలు అన్నాడు. ఈసారి సుమియే అడక్కుండానే చెప్పింది. “అమ్మకి ఫోను చేసి అయిపోయిందని చెప్పాలనిపిస్తోంది” అన్నాడట.

కారు తోట దాటి వెళ్లేదాకా అప్పాజీ ఒక ఖర్జూరం చెట్టు కింద నిలబడ్డాడు. చేతులు కుంకుమతో ఎర్రగా ఉన్నాయి. అలాగే ఫోను తీసి రాజ్యానికి కలిపాడు. ఒక్క రింగుకే ఎత్తింది.

“రాజ్యం, అయిపోయిందే,” అన్నాడు.

“ఏంటీ, ఉద్యోగమా?”

“కాదే. సినిమా.”

రాజ్యం వదిలిన నిట్టూర్పు షార్జా నుంచి అల్ ఐన్ దాకా వినబడింది. “హమ్మయ్య,” అంది. “ఇక వెళ్లి అన్నం తిను.”